మల్టీప్లేయర్ కన్నా ముందు టర్న్‌లు తగ్గించండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మియాపూర్‌లో మీరు ముగ్గురు కలిసి యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక స్పేస్ స్ట్రాటజీ గేమ్ చేశారు. టర్న్‌ల (వంతుల) పద్ధతిలో నడుస్తుంది, ఒక్కరే ఆడేది, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో ఎర్లీ యాక్సెస్‌లో ఉంది, అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టారు. ఆడినవాళ్లు మూడు అడుగుతున్నారు: మల్టీప్లేయర్ పెట్టండి, యుద్ధాలు టర్న్‌లు లేకుండా రియల్ టైమ్‌లో జరిగేలా చెయ్యండి, సగం దాటాక ఆట సాగదీసినట్టు ఉంది, దాని సంగతి చూడండి. చేతిలో ఉన్న డబ్బు ఆరు నెలలకి సరిపోతుంది. ముందు ఏది పట్టుకోవాలి, సర్వర్ ఖర్చు మనం తట్టుకోగలమా అని అడిగారు.

ముందే చెప్పేస్తాను. మూడోదానితో మొదలుపెట్టండి. అది సరిగ్గా చేస్తే మొదటిది సగం అయిపోతుంది. రెండోది చెయ్యకండి. సర్వర్ ఖర్చు గురించి ఇప్పుడు టెన్షన్ పడక్కర్లేదు, ఎందుకో కింద రాస్తాను.

మీ లెక్క ప్రకారం ఒక మ్యాచ్ సుమారు 300 టర్న్‌లు. ఒక్కరే ఆడేటప్పుడు చెయ్యడానికి ఏమీ లేని టర్న్ వస్తే ఎంటర్ కొట్టి ముందుకెళ్లిపోతాం, పెద్ద బాధేం లేదు. నలుగురు ఆడేటప్పుడు నలుగురూ ఎంటర్ కొడితే గానీ టర్న్ కదలదు. ఒకరు తలుపు తియ్యడానికి లేచారంటే మిగతా ముగ్గురూ నక్షత్రాలు లెక్కపెడుతూ కూర్చోవాలి. టర్న్‌కి ఒక్క నిమిషం వేసుకున్నా 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. చివర్లో ఒక్కొక్కరికి నలభై గ్రహాలు ఉన్నప్పుడు నిమిషం ఎక్కడ సరిపోతుంది? హైటెక్ సిటీలో పని చేసి ఇంటికొచ్చిన నలుగురు స్నేహితులకి వారం మధ్యలో ఒకేసారి ఐదు గంటలు దొరకడం జరిగే పని కాదు. మీరు ఎంత గొప్ప నెట్‌వర్క్ కోడ్ రాసినా ఆ మ్యాచ్ పూర్తి కాదు.

కాబట్టి ఈ వారం మల్టీప్లేయర్ కోడ్ ఒక్క లైను కూడా రాయకుండా ఒక లాగ్ (ఆటలో జరిగేదాన్ని నమోదు చేసే ఫైలు) పెట్టండి. ప్రతి టర్న్‌లో ఆటగాడు ఎన్ని ఆర్డర్లు ఇచ్చాడు, ఎన్ని సెకన్లు తీసుకున్నాడు, అంతే. ముగ్గురూ తలో మ్యాచ్ ఆడి గ్రాఫ్ గీయండి. ఈ కోవ గేమ్‌లలో నేను చూసిన గ్రాఫ్‌లు దాదాపు ఒకే ఆకారంలో ఉంటాయి. మొదటి ముప్పై, నలభై టర్న్‌లలో ఆర్డర్లు సున్నా లేదా ఒకటి. మధ్యలో కొంచెంసేపు రసవత్తరంగా ఉంటుంది. ఆ తర్వాత టర్న్‌కి యాభై ఆర్డర్లు ఉంటాయి కానీ అందులో ఎక్కువ భాగం "ఫలానా గ్రహంలో ఫ్యాక్టరీ అయిపోయింది, తర్వాత ఏం కట్టాలి?" అనే ప్రశ్నకి జవాబులే. అవి పేరుకే నిర్ణయాలు, నిజానికి గుమాస్తా పని.

మొదట్లో ఉన్న ఖాళీని తీసెయ్యడం తేలిక. ఆట మొదలయ్యేసరికే ఆటగాడి చేతిలో ఒక గ్రహానికి బదులు మూడు గ్రహాలు, రెండు స్కౌట్ నౌకలు, ఒక టెక్నాలజీ పెట్టండి. ముప్పై టర్న్‌లు అక్కడే ఎగిరిపోతాయి. "మొదటి నుంచీ కట్టుకుంటూ రావడంలోనే మజా ఉంది" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకోసం పాత మోడ్ అలాగే ఉంచండి.

చివరి గుమాస్తా పనికి మందు 1993లోనే ఉంది. మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే స్పేస్ స్ట్రాటజీ గేమ్ మొదటి భాగంలో ఒక గ్రహానికి, దేనికి ఎంత ఖర్చు వెళ్లాలో సర్దే ఐదు స్లైడర్లు ఉండేవి: నౌకలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, పరిశోధన. ఒకసారి సర్దితే చాలా టర్న్‌ల పాటు ముట్టుకోనక్కర్లేదు. 1996లో వచ్చిన రెండో భాగం వాటి బదులు ప్రతి గ్రహానికీ భవనాల క్యూ (ఒకదాని తర్వాత ఒకటి కట్టాల్సినవాటి జాబితా) తెచ్చింది. ఒంటరిగా ఆడటానికి నాకు రెండోదే ఇష్టం. కానీ నలుగురితో ఆడాలంటే మొదటిదాని పద్ధతే నయం. మీ గ్రహాల తెరను చూస్తే మీరు రెండో దారిలో వెళ్లారని తెలుస్తోంది. పూర్తిగా మార్చక్కర్లేదు. ఐదారు గ్రహాలను ఒక మండలంగా కలిపి, మండలానికి ఒక స్లైడర్ సెట్ ఇవ్వండి. రాజధాని గ్రహానికి మాత్రం క్యూ ఉంచండి.

ఆ గేమ్‌లోనే ఇంకో మంచి ఆలోచన ఉంది. గెలుపు ఎవరిదో తేలిపోయాక కూడా ఆట లాగడం ఈ జానర్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో కొన్నేళ్లకోసారి గెలాక్సీ మండలి కూర్చుంటుంది. జనాభాను బట్టి ఓట్లు. మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చినవాడు అక్కడికక్కడే గెలిచినట్టు. మల్టీప్లేయర్‌లో దీని విలువ రెట్టింపు అవుతుంది. ఓడిపోతున్న ఆటగాడి చేతిలో కూడా నాలుగు ఓట్లు ఉంటాయి, అతన్ని బతిమాలడానికి ఇద్దరు వస్తారు. లేకపోతే యాభయ్యో టర్న్‌కే సగం రాజ్యం పోయినవాడు చెప్పాపెట్టకుండా ఆట వదిలి వెళ్లిపోతాడు.

నౌకలన్నీ ఒకే కుప్పగా చేసి తిప్పుతున్నారని, అసలు వ్యూహమే ఉండటం లేదని మీరు రాసిన ఫిర్యాదు కూడా కొత్తది కాదు. స్టెల్లారిస్ అనే స్పేస్ గేమ్ 2016లో వచ్చినప్పుడు నక్షత్రాల మధ్య ప్రయాణానికి మూడు పద్ధతులు ఉండేవి. వాటిలో కొన్నిటితో ఎటు నుంచైనా ఎటైనా దూకొచ్చు, కాబట్టి సరిహద్దు అనే మాటకి అర్థం ఉండేది కాదు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 2.0 అప్‌డేట్‌లో అందరినీ హైపర్‌లేన్ల (నక్షత్రాలను కలిపే నిర్ణీత దారుల) మీదికే తెచ్చారు. మిగతా రెండూ మొదటి నుంచి ఎంచుకునే వీలు పోయింది. చాలామంది గొడవ చేశారు. కానీ మ్యాప్‌లో ఇరుకు దారులు వచ్చాయి, కోటలు కట్టడానికి చోటు వచ్చింది, ఒకచోట కాపలా పెడితే ఇంకోచోట ఖాళీ అవుతుందన్న భయం వచ్చింది. ఒక్కో ఫ్లీట్ (నౌకాదళం) పరిమాణానికి పరిమితి కూడా అప్పుడే వచ్చింది. మీ మ్యాప్‌లో 200 నక్షత్రాలున్నా దారులు లేవు. ప్రతి నక్షత్రాన్నీ దగ్గర్లోని రెండు మూడింటికే కలపండి. ఇది బహుశా వారం పది రోజుల పని. కానీ మీరు చెయ్యబోయే అన్ని మార్పుల్లోకీ దీని ప్రభావమే ఎక్కువ, ఎందుకంటే ఏఐకి, అంటే కంప్యూటర్ నడిపే ఆటగాడికి కూడా ఇరుకు దారుల మ్యాప్ అర్థం చేసుకోవడం తేలిక.

ఇవన్నీ అయ్యాక మ్యాచ్ 70, 80 టర్న్‌లకి వస్తుంది. అప్పుడు మల్టీప్లేయర్ మాట్లాడుకుందాం.

ముందు ఎవరు ఆడతారో చూడండి. ఊరికే లెక్క కోసం, ఒకే సమయంలో మీ గేమ్ ఆడుతున్నవాళ్లు 50 మంది అనుకుందాం. చిన్న గేమ్‌కి అది మంచి సంఖ్యే. అందులో పదిలో ఒకరు ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడాలనుకుంటే ఐదుగురు. ఆ ఐదుగురూ ఒకే అరగంటలో లాబీలోకి (మ్యాచ్ కోసం వేచి ఉండే తెర మీదికి) రావాలి. రారు. కాబట్టి ర్యాంకులు, మ్యాచ్‌మేకింగ్ (తెలియనివాళ్లని జత కలపడం), లీడర్‌బోర్డులు అన్నీ పక్కన పెట్టండి. మీ గేమ్‌ని కలిసి ఆడేది ముందే పరిచయం ఉన్న స్నేహితుల గుంపు. ఇక్కడ ఆ గుంపు ఎలా ఉంటుందో మనకి తెలుసు: ఇద్దరు కూకట్‌పల్లిలో, ఒకరు బెంగళూరులో, ఒకరు డల్లాస్‌లో. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ వేసవిలో ఉదయం పదిన్నర, ఆయన మీటింగ్‌లో ఉంటాడు. ఈ నలుగురికీ కుదిరేది ఒకటే పద్ధతి: ఎవరికి వీలైనప్పుడు వాళ్లు ఆర్డర్లు ఇచ్చి పెట్టడం, అందరివీ అందాక టర్న్ ఒకేసారి లెక్కకట్టడం.

ఇదీ పాత పద్ధతే. 1995లో వచ్చిన స్టార్స్! అనే గేమ్‌ని జనం ఈమెయిల్‌లో ఫైళ్లు పంపుకుంటూ నెలల తరబడి ఆడారు. 2010 నాటి నెప్ట్యూన్స్ ప్రైడ్‌లో అయితే నౌక ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి చేరడానికి నిజంగానే గంటలు పడుతుంది. రోజుకి రెండుసార్లు చూసుకుంటే చాలు, మిగతా రోజంతా పొత్తులు, వెన్నుపోట్లు. అందులో గ్రాఫిక్స్ దాదాపు ఏమీ లేవు, అయినా స్నేహాలు చెడిపోయేంత ఉత్కంఠ ఉంటుంది. మీరు కూడా చాట్ కిటికీ కోసం శ్రమ పడకండి, వాట్సాప్ గ్రూపు ఎలాగూ ఉంటుంది. "మీ టర్న్ వచ్చింది" అని ఫోన్‌కి ఒక నోటిఫికేషన్ వెళ్తే చాలు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు ఒక టర్న్ ఆడేసేలా ఉండాలి. తెర డిజైన్ చేసేటప్పుడు నేనైతే అదే కొలత పెట్టుకుంటాను.

ఈ పద్ధతిలో రోజుకి ఒక టర్న్ చొప్పున 300 టర్న్‌లంటే పది నెలలు. 75 అయితే రెండున్నర నెలలు. అందరూ ఆన్‌లైన్‌లో ఉన్న శనివారం రాత్రి పది టర్న్‌లు ఒక్కసారే దొర్లిపోతాయి కాబట్టి ఇంకా తక్కువే. గడువు 24 గంటలు పెట్టండి. దాటితే ఏఐ ఆ టర్న్ ఆడేస్తుంది, కొత్త యుద్ధాలు మాత్రం మొదలుపెట్టదు. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకి సెలవు బటన్ ఇవ్వండి, అందరూ ఒప్పుకుంటే ఆట నాలుగు రోజులు ఆగుతుంది. చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఇలాంటి మ్యాచ్‌లు మధ్యలో చచ్చిపోయేది పండగలప్పుడే.

ఆర్డర్లన్నీ ఒకేసారి లెక్కకట్టడం గురించి ఒక హెచ్చరిక. ఒక టర్న్‌లో అందరూ కదలొచ్చు కానీ ఎవరు ముందు క్లిక్ చేస్తే వాళ్ల నౌక ముందు వెళ్తుంది అనే పద్ధతి పెట్టకండి. యుద్ధం మొదలైన రోజు నుంచి అది మౌస్ వేగం పోటీ అయిపోతుంది. ఆర్డర్లు మూసిన కవర్లో ఉండాలి, అందరివీ ఒకేసారి తెరవాలి. రెండు ఫ్లీట్‌లు ఎదురెదురుగా వస్తే దారి మధ్యలో కలుస్తాయా, ఒకదాన్నొకటి దాటిపోతాయా? ఒకే నక్షత్రానికి ఇద్దరు వలస నౌకలు పంపితే ఎవరిది? ఇలాంటి నియమాలు ముందే కాగితం మీద రాసుకోండి. ఏ నియమమైనా ఫర్వాలేదు, ఆటగాడు దాన్ని ముందే ఊహించగలగాలి.

ఇప్పుడు సర్వర్ ఖర్చు. ఒక ఆటగాడు టర్న్‌కి 60 ఆర్డర్లు ఇచ్చాడనుకోండి, ఒక్కోటి 20 బైట్లు. మొత్తం 1,200 బైట్లు, వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కంటే ఎన్నో రెట్లు చిన్నది. అందుకే ఖర్చు గురించి టెన్షన్ వద్దన్నాను. అద్దెకి దొరికే అతి చిన్న సర్వర్ ఒకటి వందల మ్యాచ్‌లని మోస్తుంది. సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ సేవ ఏడబ్ల్యూఎస్‌కి 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్ (సర్వర్ల కేంద్రం) ఉంది గానీ, ఈ తరహా ఆటకి సర్వర్ ఎక్కడున్నా తేడా తెలియదు. పింగ్ (సర్వర్‌కి వెళ్లి జవాబు రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 20 అయినా 200 అయినా ఒకటే.

అందరూ ఒకేసారి కూర్చుని ఆడే లైవ్ మోడ్ కూడా కావాలంటే, అదీ రెండో విడతలో, లాక్‌స్టెప్ పద్ధతి గురించి తెలుసుకోవాలి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులిచ్చి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాళ్లంతా తెలియకుండానే దీన్ని వాడారు. నౌకల స్థానాలు, ఆరోగ్యం అన్నీ నెట్‌లో పంపితే 2,000 నౌకలకి, ఒక్కోదానికి 20 బైట్లు, సెకనుకి పదిసార్లు అంటే సెకనుకి 400 కిలోబైట్లు. ఆ గేమ్ రాసింది సెకనుకి 28.8 కిలోబిట్ల మోడెమ్‌ల కాలంలో, అంత పంపడం కుదరదు. అందుకే ఆర్డర్లు మాత్రమే పంపి, ప్రతి కంప్యూటర్‌లోనూ మొత్తం ఆటని వేరువేరుగా నడిపించారు. లాక్‌స్టెప్ అంటే ఇదే. రెండు ఊళ్లలో ఇద్దరు సిద్ధాంతులు ఒకే గణితంతో పంచాంగం కడితే ఉత్తరం రాసుకోకుండానే ఉగాది ఒకే రోజున వస్తుంది. ఒకరు దృక్ గణితం, ఇంకొకరు పూర్వ పద్ధతి పట్టుకున్నారంటే పండగ తేదీలు వేరైపోతాయి. గేమ్‌లో అలా వేరైపోవడాన్నే డీసింక్ అంటాం.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ నెట్‌వర్క్ కోడ్ గురించి పాల్ బెట్‌నర్, మార్క్ టెరానో 2001లో రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గదే. అందులో ఒక ఉదాహరణ: మ్యాప్ తయారయ్యేటప్పుడు ఒక జింక వెంట్రుకవాసి పక్కకి నిలబడితే, కొన్ని నిమిషాల తర్వాత వేటగాడి దారి కొంచెం మారుతుంది, బల్లెం గురి తప్పుతుంది, ఒక కంప్యూటర్‌లో ఇంటికి మాంసం రాదు. అక్కడి నుంచి రెండు ఆటలూ వేరు. ఆ వ్యాసంలోనే ఇంకో సంగతి కూడా ఉంది: ఆర్డర్ ఇచ్చాక పావు సెకను ఆలస్యమైనా ఆడేవాళ్లు గమనించనే లేదు, అర సెకను దాకా హాయిగా ఆడారు. వాళ్లని విసిగించింది ఆలస్యం ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువగా ఉండటం. మీ నౌకలు నిదానంగా తిరిగేవే కాబట్టి మీకు ఇంకా వెసులుబాటు ఉంది.

డీసింక్ ఎక్కడ పుడుతుందో ఒకటి చూపిస్తాను. నేను పని చేసిన ఒక ప్రాజెక్టులో రెండు కంప్యూటర్లు పక్కపక్కనే పెట్టి టెస్ట్ చేస్తుంటే, ఒకళ్లు యుద్ధాన్ని దగ్గరగా జూమ్ చేసి చూస్తే డీసింక్ వచ్చేది, ఇద్దరూ దూరం నుంచి చూస్తే వచ్చేది కాదు. చూడటం వల్ల ఆట మారడమేంటని అందరం తల పట్టుకున్నాం. లాగ్‌లు పక్కపక్కన పెట్టి లైను లైను పోలిస్తే తేలింది: పేలుడు ఎఫెక్ట్‌లో నిప్పురవ్వలు ఎటు ఎగరాలో నిర్ణయించడానికి వాడే ర్యాండమ్ నంబర్లు, క్షిపణి తగిలిందా లేదా అన్నది తేల్చే ర్యాండమ్ నంబర్లు ఒకే జనరేటర్ నుంచి వస్తున్నాయి. జూమ్ చేసిన కంప్యూటర్‌లో నిప్పురవ్వలు కొన్ని నంబర్లు తినేసేవి, తర్వాతి క్షిపణికి వేరే నంబర్ వచ్చేది. యూనిటీలో మామూలుగా వాడే ర్యాండమ్ మొత్తం ప్రోగ్రామ్‌కి ఒక్కటే. ఆట లెక్కలకి సొంత జనరేటర్ ఇవాళే విడిగా పెట్టుకోండి. దానితోపాటు లెక్కల్లో ఫ్లోట్‌ల (దశాంశ సంఖ్యల) బదులు పూర్ణ సంఖ్యలు వాడండి, కోడ్‌లోని డిక్షనరీలో (ఐడీతో వెతికే జాబితాలో) ఉన్నవాటిని వరుసగా నడిపించేటప్పుడు ముందు ఐడీ ప్రకారం సార్ట్ చెయ్యండి, ప్రతి టర్న్ చివర మొత్తం స్థితికి చెక్‌సమ్ (స్థితి అంతటినీ కుదించిన ఒక సంఖ్య) తీయండి. రాత్రి ఇంటికెళ్లేముందు ఒక ఇంటెల్ మెషీన్, ఒక ఏఎమ్‌డీ మెషీన్ మీద ఏఐలతో ఏఐలని ఆడించి, పొద్దున చెక్‌సమ్‌లు పోల్చి చూడండి. రెండో మెషీన్ లేకపోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో పాతది ఒకటి కొనండి, మీరు పెట్టే ఖర్చులన్నిట్లోకీ సార్థకమైనది అదే.

ఈ క్రమశిక్షణ మొదటి విడతకీ పనికొస్తుంది. ఆర్డర్ల జాబితా దాచుకుంటే రీప్లే ఉచితంగా వస్తుంది, బగ్ రిపోర్టుతోపాటు మొత్తం మ్యాచ్‌ని చిన్న ఫైలుగా పంపించుకోవచ్చు. లోటు ఒకటి ఉంది. లాక్‌స్టెప్‌లో ప్రతి కంప్యూటర్‌లోనూ మొత్తం మ్యాప్ ఉంటుంది కాబట్టి, దొంగదారి తెలిసినవాడు శత్రువు నౌకలన్నీ చూసెయ్యగలడు. తెలిసినవాళ్ల మధ్య ఆటకి ఇది పట్టించుకోనక్కర్లేదు.

లైవ్ మోడ్‌కి వెళ్తే ఇంకో చిక్కు. మన దగ్గర మొబైల్ నెట్‌వర్క్‌లు, చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ఎందరికో పంచుతాయి. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్ నేరుగా తన కంప్యూటర్‌కి వచ్చేలా రౌటర్‌లో సర్దడం) చెయ్యండి అని ఆటగాడికి చెప్పి లాభం లేదు, అది అతని చేతిలో ఉండదు. స్టీమ్ వాళ్ల రిలే నెట్‌వర్క్ (డేటాని మధ్యలో అందుకుని చేరవేసేది) వాడుకోండి, ఆ బాధ తప్పుతుంది.

రియల్ టైమ్ యుద్ధాలు ఎందుకు వద్దన్నానంటే, ఇద్దరు పది నిమిషాలు కొట్టుకుంటుంటే మిగతా ఇద్దరూ ఏం చెయ్యాలి? పైగా అది ఇంకో గేమ్ రాయడంతో సమానం, ముగ్గురి వల్ల కాదు. ఎండ్‌లెస్ స్పేస్ 2 అనే గేమ్ చేసినట్టు, యుద్ధానికి ముందు ఒక ఎత్తుగడ ఎంచుకోవాలి, తర్వాత ఫలితాన్ని సినిమాలా చూడాలి. ఆడేవాళ్లు రియల్ టైమ్ అని అడుగుతున్నా, మీరు ఉటంకించిన కామెంట్లు చదివితే నాకు కనిపించింది వేరు. వాళ్ల బాధ "నేను ఎందుకు ఓడిపోయానో తెలియట్లేదు" అన్నది. యుద్ధం ముగిశాక ఏ ఆయుధం ఎంత నష్టం చేసింది, ఏ కవచం దాన్ని ఆపింది అని ఒక పట్టిక చూపించండి. ఆ గోల సగానికి సగం తగ్గుతుంది.

పని వరుస విషయానికొస్తే, దారుల మ్యాప్, టర్న్‌ల కోత అయ్యాక వెంటనే హాట్‌సీట్ చెయ్యండి, అంటే ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా ఆడటం. మీ కోడ్‌లో "ఆటగాడు" అంటే ఎప్పుడూ ఒకటో నంబర్ సామ్రాజ్యమే అని రాసుకున్న చోట్లన్నీ అప్పుడు బయటపడతాయి, తప్పకుండా చాలా ఉంటాయి. హాట్‌సీట్ వచ్చిందంటే స్టీమ్‌లో 2019 నుంచి ఉన్న రిమోట్ ప్లే టుగెదర్ ద్వారా ఒకరి దగ్గర గేమ్ ఉంటే చాలు, దూరంగా ఉన్న స్నేహితులు కూడా చేరొచ్చు. అందరికీ ఒకే తెర కనిపిస్తుంది కాబట్టి రహస్యాలు దాగవు, ఒకే పక్షాన కలిసి ఆడటానికి మాత్రం బాగుంటుంది. నెట్‌వర్క్ కోడ్ రాయకుండానే మీ గేమ్ నలుగురు ఆడితే ఎలా ఉంటుందో చూసే అవకాశం ఇది. ఆ దశలో బోర్ కొడితే సర్వర్ పెట్టినా కొడుతుంది.

స్టోర్ పేజీలో "మల్టీప్లేయర్ త్వరలో" అని ఇప్పుడే రాయకండి. ఎర్లీ యాక్సెస్ గేమ్‌లు భవిష్యత్తు గురించి కచ్చితమైన మాటలు ఇవ్వొద్దని స్టీమ్ మార్గదర్శకాలే చెబుతాయి. అది పక్కన పెట్టినా, ఆ ఒక్క మాట చూసి కొన్నవాళ్లు ఆరో నెలలో నెగటివ్ రివ్యూలతో వస్తారు. హాట్‌సీట్ మ్యాచ్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా, మీ ముగ్గురూ కాకుండా బయటివాళ్లు పూర్తి చేశాక అప్పుడు ప్రకటించండి. లాగ్ గ్రాఫ్‌లు వచ్చాక ఇక్కడ పెడితే ఏ టర్న్‌లు కోయాలో కలిసి చూద్దాం.